ఓడ జాబితాలో ముత్తాత పేరు

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేరింది. మద్రాసులో ఎక్కిన 342 మంది అందులో ఉన్నారు. ఒప్పంద కూలీలుగా నాటల్ చెరకు తోటలకు వెళ్లిన మొదటి భారతీయులు వాళ్లే. ఆ ప్రయాణాలు మధ్యలో 1866 నుంచి 1874 దాకా ఆగాయి. మళ్లీ మొదలై 1911లో పూర్తిగా ముగిశాయి. ఈ యాభై ఏళ్లలో 1,52,184 మంది నాటల్ రిజిస్టర్లకెక్కారు. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లే. గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, కడప, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వాళ్లలో వేల సంఖ్యలో ఉన్నారు. 1876–78 నాటి ధాత కరువు, అంతకుముందూ ఆ తర్వాతా గంజాం ప్రాంతాన్ని పీడించిన కరువులు, అప్పులు, ఇంటి తగాదాలు, కూలీలను కుదిర్చే మేస్త్రీల మాటలు అన్నీ కలిసి వాళ్లను ఓడ ఎక్కించాయి.

వెళ్లినవాళ్లలో అక్షరం వచ్చినవాళ్లు తక్కువ. ఉత్తరం రాసినవాళ్లు ఇంకా తక్కువ. అయినా ఆ కూలీల గురించి రాసి ఉన్నంత వివరంగా, అదే కాలంలో ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల అన్నదమ్ముల గురించి ఎక్కడా రాసి లేదు. కూలీ పారిపోతే పట్టుకోవాలి, ఒప్పందం తీరిందో లేదో లెక్క చూడాలి, తిరుగు ప్రయాణానికి అర్హుడో కాడో తేల్చాలి. ఈ అవసరాల కోసం ప్రభుత్వం మనిషి మనిషికీ ఒక వరుస రాసుకుంది. మనిషిని కట్టిపడేయడానికి రాసిన ఆ వరుసే ఈనాడు అతని మునిమనవళ్లకు సొంత ఊరి దారి చూపే ఆధారమైంది. ఇప్పుడు ఆ వరుసల్లో చాలా భాగం ఇంటర్నెట్‌లో దొరుకుతోంది. తెలుగు కుటుంబాల చరిత్ర వెతికేవారికి ఇంతకు మించిన గని మరొకటి లేదు.

నాటల్ ఓడ జాబితాలను టైపు చేయించి, డర్బన్‌లో క్వాజులూ-నాటల్ విశ్వవిద్యాలయానికి చెందిన గాంధీ-లుతూలి డాక్యుమెంటేషన్ సెంటర్ అందరికీ అందుబాటులో ఉంచింది. జాబితాలో ఒక్కొక్కరికి ఒక్కో వరుస. మొదట నంబరు, తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, ఆడో మగో, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు, ఏ తోట యజమాని దగ్గరికి పంపారు, ఏ ఓడలో ఏ తేదీన వచ్చారు. చివరి గడిలో మరికొన్ని మాటలు ఉండవచ్చు: ఫలానా ఏడు మద్రాసుకు తిరిగి వెళ్లాడని, లేదా చనిపోయాడని. ఎడమ కనుబొమ మీద మచ్చ, కుడి మోకాలి మీద గాటు, చేతి మీద పచ్చబొట్టు లాంటి మాటలు గుమాస్తాకు పని పూర్తి చేసే మాటలు మాత్రమే. ఆ మనిషి ఫొటో ఎన్నడూ తీయించుకోలేదు కాబట్టి, నాలుగో తరంలో పుట్టిన పిల్లకు తన ముత్తాత రూపం గురించి మిగిలింది ఆ నాలుగు మాటలే.

ఈ గడులన్నిటిలోకీ ముఖ్యమైనది నంబరు. నాటల్‌లో దాన్ని కలోనియల్ నంబరు అంటారు. కూలీ ఓడ దిగినప్పటి నుంచి కన్నుమూసే దాకా ప్రభుత్వం దృష్టిలో అతని గుర్తింపు పేరు కాదు, ఆ అంకె. పెళ్లి నమోదైతే ఇద్దరి నంబర్లూ రాసేవారు. బిడ్డ పుడితే తల్లిదండ్రుల నంబర్లు రాసేవారు. అందువల్ల వెతుకులాట ఓడ జాబితాతో మొదలుపెట్టడం వృథా ప్రయాస. వేల వరుసల్లో రామస్వాములు వందల మంది ఉంటారు. మొదలుపెట్టవలసింది ఇంట్లో ఉన్న కాగితాలతో. తండ్రి పుట్టిన సర్టిఫికెట్, తాత పెళ్లి కాగితం, నాయనమ్మ మరణ ధ్రువపత్రం ఇలా ఒక్కో తరం వెనక్కి వెళ్తూ పోతే, ఏదో ఒక పాత కాగితం మీద ఆ నంబరు కనిపిస్తుంది. నంబరు దొరికితే ఓడ జాబితాలో వరుస దొరకడానికి ఐదు నిమిషాలు చాలు.

ఇంట్లో కాగితాలు లేనప్పుడు రెండు చోట్ల వెతకవచ్చు. ఒకటి ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు. అమెరికాలోని యూటాలో 1894లో ఒక క్రైస్తవ సంఘం ప్రారంభించిన వంశావళి సంస్థ దీనికి మూలం. ప్రపంచమంతా తిరిగి మైక్రోఫిల్ము మీదికి ఎక్కించిన రికార్డులు అందులో ఉన్నాయి. ఖాతా తెరవడానికి డబ్బు కట్టనక్కర్లేదు. నాటల్ మరణాల నమోదు పుస్తకాలు అక్కడ చూడవచ్చు. కొన్ని పుటల చిత్రాలు మాత్రం ఆ సంస్థ కేంద్రాలకు వెళ్తేనే కనిపిస్తాయి. రెండోది దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్ కేటలాగు. అందులో పేరు కొడితే ఫైలు తెరుచుకోదు. ఆ పేరు మీద ఫైలు ఉందనీ, అది ఏ ఊరి భాండాగారంలో ఏ నంబరు మీద ఉందనీ మాత్రమే తెలుస్తుంది. భారతీయ వలస శాఖ ఫైళ్లు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఉన్నాయి. ఆ శాఖకు కూలీలు పెట్టుకున్న ఫిర్యాదులు, తిరుగు ప్రయాణానికి చేసుకున్న దరఖాస్తులు, ఆస్తి తగాదాలు అందులో ఉంటాయి. ఓడ జాబితా మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో చెబితే, ఈ ఫైళ్లు అక్కడ ఎలా బతికాడో చెబుతాయి. కాస్త ఓపిక పట్టి ఈ కేటలాగు దాకా వెళ్లినవారికి దొరికేది చాలా ఎక్కువ.

ఇక అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. కూలీ తన పేరు చెప్పాడు. గుమాస్తా చెవికి వినిపించినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. గుమాస్తా తమిళుడైతే ఆ పేరు తమిళ రూపం తొడుక్కుంది. డర్బన్‌లో మరొకరు దాన్ని చూసి మరో పుస్తకంలోకి ఎక్కించారు. నూరేళ్ల తర్వాత ఇంకొకరు పాత చేతిరాత చూసి కంప్యూటర్లోకి కొట్టారు. ఇన్ని చేతులు మారిన పేరును సరైన స్పెల్లింగుతో వెతికితే దొరకదు. అప్పలస్వామి ఆ జాబితాల్లో అప్పల్సామి, అప్లసామి అవుతాడు. ఎల్లయ్య, ఎర్రప్ప, ఎంకమ్మ పేర్లను ఇంగ్లీషు వై అక్షరం దగ్గర వెతకాలి. ఓబులు, ఓబయ్య వి అక్షరంతో మొదలయ్యే వోబులు, వోబయ్యలుగా ఉంటారు. ఉకారానికి కొందరు యు రాస్తే కొందరు రెండు ఓలు రాశారు. నాయుడు కాస్తా నైడూగా స్థిరపడింది అలాగే. ళకూ లకూ, ణకూ నకూ, ఒత్తుకూ ఒత్తు లేనిదానికీ తేడా ఆ రాతలో ఉండదు.

దీనికి విరుగుడు పేరు మొత్తం కాకుండా మొదటి మూడు నాలుగు అక్షరాలు కొట్టి, మిగిలిన చోట నక్షత్రం గుర్తు పెట్టడం. ఫ్యామిలీసెర్చ్ లాంటి సైట్లు ఈ గుర్తును అర్థం చేసుకుంటాయి. అంతకన్నా మంచి విరుగుడు పేరును బయటికి గట్టిగా చదవడం. తెర మీద అర్థం కాని అక్షరాల పోగు, ఉత్తరాంధ్ర యాస తెలిసిన చెవికి వెంటనే పైడిగాడు అనో, సన్యాసి అనో వినిపిస్తుంది. డర్బన్‌లో పుట్టి పెరిగి తెలుగు రాని మునిమనవరాలికి ఆ అక్షరాలు ఎంత చూసినా పలకవు. ఈ పని యంత్రం కన్నా తెలుగు వచ్చిన మనిషి బాగా చేయగలడు.

పేరుతో పాటు పోయిన మరొకటి ఇంటిపేరు. ఓడ జాబితాలో తండ్రి పేరుకు గడి ఉంది, ఇంటిపేరుకు లేదు. తెలుగువాడికి ఇంటిపేరే వంశం, తరచూ ఊరి జాడ కూడా. అది రాయకపోవడంతో తర్వాతి తరాల్లో తాత పేరే ఇంటిపేరుగా నిలిచిపోయింది. అందుకే నేడు దక్షిణాఫ్రికాలో అప్పలసామి, చిన్నసామి, నర్సిములు అనే ఇంటిపేర్లు ఉన్నాయి. కొందరికి నాయుడు, రెడ్డి లాంటి బిరుదు మాటలు ఇంటిపేర్లయ్యాయి. ఒకే ఓడలో వచ్చిన ఇద్దరు అన్నదమ్ముల సంతానం ఈ కారణంగా రెండు వేర్వేరు ఇంటిపేర్లతో, ఒకరికొకరు తెలియకుండా ఒకే పట్నంలో బతుకుతుండవచ్చు. ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలకు ఏ చుట్టరికమూ లేకపోవచ్చు. ఇంటిపేరును నమ్ముకుని వంశవృక్షం గీయడం తెలుగునాట చెల్లుతుంది, అక్కడ చెల్లదు.

అయితే పెట్టిన పేర్లే ఒక్కోసారి ఊరిని పట్టిస్తాయి. అప్పల అనే మాటతో మొదలయ్యే పేర్లు సింహాద్రి అప్పన్న భక్తులున్న ఉత్తరాంధ్రవి. పైడితల్లి పేరు పెట్టుకున్నవారి మూలం విజయనగరం చుట్టుపక్కల వెతకాలి. పెంచలయ్య అంటే పెంచలకోన నరసింహస్వామి, అంటే నెల్లూరు వైపు. కోటయ్య, కోటమ్మ కోటప్పకొండను గుర్తుచేస్తారు. ఓబులేసు అహోబిలం స్వామిని తలచే కడప, కర్నూలు ప్రాంతాల పేరు. ఇది రుజువు కాదు. వెంకటేశ్వర్లు అన్ని జిల్లాల్లోనూ ఉన్నట్టే ఈ పేర్లూ ఎల్లలు దాటుతాయి. ఊరి పేరు చెరిగిపోయిన వరుసలో మాత్రం, ఎటువైపు చూడాలో చెప్పే సూచనగా ఇది పనికొస్తుంది.

ఊరు, తాలూకా, జిల్లా గడులు చదవడానికి పాత పాలనా సరిహద్దులు తెలిసి ఉండాలి. జాబితాలు 1911తో ఆగిపోయాయి కాబట్టి వాటిలో ఉన్నవి ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలు. చికకోల్ అంటే శ్రీకాకుళం. అప్పుడది గంజాం జిల్లా తాలూకా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా అలాగే ఉంది. తర్వాత విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950లో తానే జిల్లా అయింది. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. గంజాం అని చూడగానే పూర్వీకులు ఒడియావాళ్లని అనుకునే కుటుంబాలకు ఈ సంగతి తెలియాలి. దక్షిణాన ఇంతకన్నా పెద్ద పొరపాటు జరుగుతుంది. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్‌లో. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి, పలమనేరు ఉత్తర ఆర్కాటులోవి; మదనపల్లె, వాయల్పాడు కడపలోవి. వరుసలో నార్త్ ఆర్కాట్ అని ఉన్నంత మాత్రాన ఆ కుటుంబం తమిళులదని తేల్చడానికి వీల్లేదు. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. అంతకుముందు ఓడ ఎక్కిన గుంటూరు మనిషి కృష్ణా జిల్లావాడిగా, ఒంగోలు మనిషి నెల్లూరు జిల్లావాడిగా కనిపిస్తారు.

పట్నాల పేర్లూ అంతే. కోకనాడ అంటే కాకినాడ, బిమ్లిపటం అంటే భీమునిపట్నం, మసులిపటం అంటే మచిలీపట్నం, ఎల్లోర్ అంటే ఏలూరు, బెజవాడ సరే సరి. చిన్న ఊళ్ల విషయంలో మాత్రం పని గట్టిగా చేయాలి. జాబితాలో ‘కొత్తపేట, చికకోల్, గంజాం’ అని ఉందనుకుంటే, మొదట చూడవలసింది శ్రీకాకుళం చుట్టుపక్కల ఎన్ని కొత్తపేటలు ఉన్నాయన్నది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత జిల్లా మాన్యువళ్లు ఉచితంగా చదవవచ్చు. విశాఖపట్నానికి కార్మైకేల్ 1869లో, నెల్లూరుకు బాస్వెల్ 1873లో, గంజాముకు మాల్ట్‌బీ 1882లో, కృష్ణాకు గోర్డన్ మెకంజీ 1883లో రాసినవి అక్కడే ఉన్నాయి. విశాఖపట్నం, గోదావరి జిల్లాల గెజిటీర్లు 1907లో వచ్చాయి. తాలూకాకు ఏ ఊళ్లు చెందేవో, ఏ జమీందారు కింద ఉండేవో వీటిలో తెలుస్తుంది. 1950లలో అమెరికా సైన్యం అచ్చువేసిన భారతదేశ పటాలను టెక్సాస్ విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో పెట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న చిన్న పల్లెల పేర్లు కూడా వాటిలో ఉన్నాయి. జాబితాలోని రాతను, పటంలోని రాతను, ఈనాటి ఊరి పేరును పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప నిర్ధారణకు రాకూడదు.

ఊరు ఏదో తేలకపోతే వరుసకు పైనా కిందా చూడటం మంచి పద్ధతి. కుటుంబాలకు, ఒకే చోట నుంచి వచ్చిన జట్లకు నంబర్లు తరచూ పక్కపక్కన పడేవి. తల్లి నంబరు వెంట పిల్లల నంబర్లు ఉంటాయి. పైన పది, కింద పది వరుసలు చదివితే, అదే తాలూకా నుంచి వచ్చిన మరో మనిషి దగ్గర ఊరి పేరు స్పష్టంగా ఉండవచ్చు. భర్త లేకుండా పిల్లలతో వచ్చిన స్త్రీలు, ఒంటరిగా వచ్చిన యువతులు ఈ జాబితాల్లో చాలామంది కనిపిస్తారు. ఆ కాలపు తెలుగు రాతల్లో ఎక్కడా చోటు దక్కని స్త్రీలు వీళ్లు. వంశవృక్షాన్ని మగవారి వైపే గీసే అలవాటు వల్ల వీళ్ల వరుసలను చాలామంది దాటేసి పోతారు. అలా దాటేసి పోతే సగం వంశం పోయినట్టే.

మతం మారిన కుటుంబాలకు ఇంకో ఆధారం చర్చి రికార్డులు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల తెలుగు బాప్టిస్టులు నాటల్‌లో స్థిరపడిన తమవారి కోసం 1903లో జాన్ రంగయ్య అనే బోధకుణ్ణి పంపారు. ఆయన కియర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘం స్థాపించాడు. ఇలాంటి సంఘాల సభ్యత్వ పుస్తకాల్లో ఓడ జాబితాలో లేని చుట్టరికాలు బయటపడతాయి.

మారిషస్ కథ నాటల్ కన్నా పాతది. 1834 నుంచి 1910 దాకా సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు అక్కడికి వెళ్లారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవులో ఎక్కినవాళ్ల మూలంగా అక్కడి తెలుగువాళ్లకు కోరంగీలన్న పేరు వచ్చింది. 1839 తుపానులో ఆ రేవు దెబ్బతిని మసకబారినా పేరు మాత్రం నిలిచింది. కూలీలు దిగిన పోర్ట్‌లూయీలోని ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న రిజిస్టర్లతో పాటు కూలీల ఫొటోలు కూడా ఉండటం మారిషస్ కుటుంబాల అదృష్టం. ఆ రిజిస్టర్లను ఇంటి దగ్గర కూర్చుని తిరగేయడం కుదరదు. వారసులు దరఖాస్తు పెట్టుకుంటే సంస్థ సిబ్బంది వెతికి ఇస్తారు.

ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 87 ఓడ ప్రయాణాల్లో 60,965 మంది వెళ్లారు. మద్రాసు నుంచి అక్కడికి ఓడలు 1903లో మొదలయ్యాయి కాబట్టి తెలుగు కుటుంబాల వెతుకులాట ఆ ఏడాది నుంచి మొదలయ్యే రికార్డులకే పరిమితం. ఫిజీ రికార్డు పుస్తకం రూపంలో కాక మనిషికొక చీటీ రూపంలో ఉంటుంది. వలస పాసు అనే ఆ చీటీలో తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటి గుర్తులతో పాటు దగ్గరి బంధువు పేరుకు ప్రత్యేకంగా గడి ఉంది. ఊళ్లో వదిలి వెళ్లిన తమ్ముడి పేరో భార్య పేరో ఆ గడిలో కనబడుతుంది. ఊరికి తిరిగి వెళ్లి చుట్టాలను పట్టుకోవడానికి ఎంతో పనికొచ్చే గడి ఇది. ఫిజీ, గయానా, సురినాం, ట్రినిడాడ్ దేశాల ఈ రికార్డులను 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

బర్మా, మలయాలకు వెళ్లినవాళ్ల విషయంలో ఇంత భరోసా ఇవ్వడం కుదరదు. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లు నాటల్ వెళ్లినవాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్లు మేస్త్రీకి అప్పుపడి, డెక్కు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లారు. మనిషి మనిషికీ పాసు లేదు, నంబరు లేదు. ఇంటర్నెట్‌లో ఎంత వెతికినా పేరు దొరకలేదంటే వెతకడం రాలేదని కాదు. అక్కడ పేరు రాసే ఏర్పాటే లేదు. ఇలాంటి కుటుంబాలకు ఇంట్లో పెద్దల నోటిమాటే మొదటి ఆధారం, చాలాసార్లు చివరి ఆధారం కూడా.

ఊరు ఏదో తేలిన తర్వాత వెతుకులాట తెలుగునాటకు వస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మీభూమి వెబ్‌సైటు 2015 నుంచి అడంగల్, 1-బి అనే భూమి రికార్డుల వివరాలు చూపిస్తోంది. అవి ఈనాటి హక్కుల వివరాలు. పాత పేర్లు కావాలంటే రెవెన్యూ కార్యాలయంలోని రీసెటిల్‌మెంటు రిజిస్టరు చూడాలి. తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్న ఆ పుస్తకాన్ని రెవెన్యూవాళ్లు డైగ్లాట్ అంటారు. ఉత్తరాంధ్రలో మరో ఇబ్బంది ఉంది. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి లాంటి జమీందారీల కింది ఊళ్లలో రైతుల పేర్లు ప్రభుత్వ పుస్తకాల్లోకి ఎక్కింది 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చాకే. ఆ ఊళ్లకు ఉండేది సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే రిజిస్టరు. నాటల్ వెళ్లిన అన్న పేరు అందులో ఉండదు గానీ, ఊళ్లో ఉండిపోయిన తమ్ముడి కొడుకు పేరు ఉండవచ్చు. భూమి లేని కుటుంబాలకు ఈ దారి కూడా మూసుకుపోతుంది. కొన్ని కులాల వంశావళులు తరతరాలుగా నోటికి చెప్పే పిచ్చుకగుంట్లవారు, భట్రాజులు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్లను అడిగి రాసుకోవలసిన పని వెంటనే జరగాలి.

దేశం లోపలి పాత ప్రభుత్వ ఫైళ్లకు భారత జాతీయ ఆర్కైవ్స్‌వారి అభిలేఖ్ పటల్ వెబ్‌సైటు ఉంది. వలసల శాఖ ఉత్తర ప్రత్యుత్తరాలు అందులో చాలా దొరుకుతాయి. వ్యక్తుల పేర్లు అరుదు. ఏ ఏడు ఏ జిల్లాలో కూలీల భర్తీ ఎలా జరిగింది, ఏ ఫిర్యాదులు వచ్చాయి అన్నవి అందులో చదివితే ఓడ జాబితాలోని ఒక్క వరుస వెనుక ఉన్న కాలం అర్థమవుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ మూల రికార్డులు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడికి మనిషి వెళ్లవలసిందే.

దొరికిన వరుసను ఎంతవరకు నమ్మాలన్నది చివరి ప్రశ్న. వయసు ఉజ్జాయింపు మాత్రమే; ఐదేళ్లు అటూ ఇటూ చూసుకోవాలి. ఊరు, కులం కొందరు కావాలనే మార్చి చెప్పారు. అప్పులవాళ్ల నుంచి, అత్తింటి నుంచి, కులపెద్దల నుంచి తప్పించుకుని వెళ్లినవాళ్లకు నిజం చెప్పకపోవడానికి బలమైన కారణాలు ఉన్నాయి. కొన్ని కులాలవారిని భర్తీ చేయడానికి ఏజెంట్లు వెనకాడేవారు కాబట్టి తోటపనికి పనికొచ్చే కులం పేరు చెప్పినవాళ్లూ ఉన్నారు. ఇంట్లో చెప్పుకునే కులం ఒకటి, జాబితాలో ఉన్నది మరొకటి అయినప్పుడు వారసులు నొచ్చుకోవడం సహజం. ఆ గడిని ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి, దిద్దకూడదు, దాచకూడదు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ తేదీ ఈ నాలుగింటిలో కనీసం మూడు మరో కాగితంతో సరిపోతేనే ఆ మనిషి తమ ముత్తాత అని చెప్పడం పద్ధతి. ఒక్క పేరు కలిసిందని ఎవరో ఇంటర్నెట్‌లో గీసిపెట్టిన వంశవృక్షాన్ని తమ దాంట్లో కలుపుకోవడం వల్ల తప్పులు ఒక కుటుంబం నుంచి పది కుటుంబాలకు పాకుతున్నాయి.

ఈ వెతుకులాటకు చట్టపరమైన ప్రయోజనం కూడా ఉంది. ప్రవాస భారతీయ పౌరసత్వ కార్డుకు పూర్వీకుల మూలం రుజువు చూపాలి. మారిషస్‌లోని భారత సంతతివారికి ఏడో తరం దాకా ఆ అర్హత కల్పించనున్నట్టు 2024లో భారత ప్రభుత్వం ప్రకటించింది. ఏడు తరాల వెనక్కి వెళ్లడానికి వలస రిజిస్టరు వరుసను మించిన కాగితం సాధారణంగా ఉండదు.

ఓడ ఎక్కినవాళ్లందరూ పరాయి నేల మీదే ఉండిపోలేదు. ఒప్పందం తీరాక మద్రాసుకు తిరిగి వచ్చినవాళ్లు వేలమంది. వాళ్ల సంతానం ఇప్పటికీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, చిత్తూరు జిల్లాల ఊళ్లలో ఉంది. తాత నాటల్ పోయి వచ్చాడనో, తాత అన్న మారిషస్ పోయి మళ్లీ రాలేదనో చెప్పే పెద్దవాళ్లు ఇళ్లలో ఇంకా మిగిలి ఉన్నారు. అలాంటి పెద్దలు ఇంట్లో ఉన్నవారు ఆ పోయినవారి పేరు, వారి తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరి పేరు, ఏ కరువు ఏడు వెళ్లారన్న మాట ఈ వారంలోనే ఒక కాగితం మీద రాసి పెట్టాలి. వీలైతే దాన్ని ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా నమోదు చేయాలి. ఓడ జాబితాలో దొరకని ఇంటిపేరు ఆ కాగితం మీద ఉంటుంది. డర్బన్ నుంచో ఫిజీలోని సువా నుంచో ఎవరైనా ఊరి పేరు పట్టుకుని ఉత్తరం రాస్తే, జవాబు ఇవ్వగలిగినవారు ఆ ఊళ్లోనే ఉన్నారు.